పెట్టెలో పడని మాట

గుంటూరు నుంచి ప్రత్తిపాడు పోయే రోడ్డు మీద మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఈ వైపు వాటిని ఆ పేరుతో ఎవరూ పిలవరు, ఏసీలంటారు. సరుకు ఏసీలో ఉందన్నాడంటే ఆ రైతు ధర కోసం కాచుకుని ఉన్నాడని అర్థం, ఇంకేమీ అడక్కూడదు. బయట తారు కరిగే ఎండ కాస్తున్నా ఆ మందపాటి గోడల వెనక మిరపకాయలు చలికాలంలోనే ఉంటాయి. తలుపు తీసినప్పుడు వచ్చే చల్లగాలిలోనూ ఘాటుంటుంది. కొత్తవాడు ముందు హాయిగా ఊపిరి పీలుస్తాడు, తరవాత దగ్గుతాడు.

అలాంటి ఒక ఏసీ ఆఫీసులో ఫోను దగ్గర కూర్చునే మనిషి నజీరా. వయసు నలభై దాటింది. ఆమె జీవితమంతా ఫోను పక్కనే గడిచిందంటే అతిశయోక్తి కాదు.

ప్రత్తిపాడు బస్టాండు ఎదురుగా ఆమె భర్త ఖాజావలికి ఎస్టీడీ బూత్ ఉండేది. పెళ్ళయిన కొత్తలోనే ఆమెను అందులో కూర్చోబెట్టి, తాను పక్కనే మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే పని పెట్టుకున్నాడు. బూత్ అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలి. అద్దాల తలుపున్న ఇరుకు గది, లోపల ఫోను, నెత్తిన పరుగులు తీసే ఎర్ర అంకెలు. తలుపు పేరుకే. దూరపు ఊరితో మాట్లాడుతున్నామని జనం అంత దూరమూ వినపడేట్టు అరిచేవాళ్ళు. పెళ్ళి సంబంధాలు, కోర్టు వాయిదాలు, చావు కబుర్లు అన్నీ ఆమె చెవుల మీదుగానే పోయేవి. ఆమె తల వంచుకుని బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చునేది. విన్నది బూత్‌లోనే వదిలి ఇంటికి పోవాలన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు.

సెల్‌ఫోన్లు వచ్చాక వీధికి రెండున్న బూత్‌లు ఎటుపోయాయో తెలియదు. వాటి పసుపు బోర్డులు మాత్రం అక్కడక్కడా బతికున్నాయి. పర్చూరు దగ్గర ఒక గొడ్ల సావిట్లో గాలికి అడ్డంగా కట్టిన బోర్డు చూశాను. గేదె కొమ్ముల వెనక 'ఐఎస్‌డీ' అని ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. ఖాజావలి బూత్ కూడా అలాగే మూతపడింది. అప్పుడు ఏసీ యజమాని భావనారాయణగారు ఆమెను పిలిచి తన ఆఫీసు ఫోను దగ్గర కూర్చోమన్నాడు. ఆయనకు కావలసింది నోరు కాదు, నోటి బిగువు. అది ఆమెకుందని ఆయన బూత్ రోజుల నుంచే ఎరుగును.

ఈ వ్యాపారంలో మాటకున్న స్థానం గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. పశువుల సంతల్లో బేరమాడేవాళ్ళు తుండుగుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్ళు. పక్కన నిలబడ్డవాడికి గుడ్డ కదలడమే కనిపించేది. గుడ్డ తీశాక ఆ బేరానికి ఆనవాలంటూ ఏదీ మిగిలేది కాదు, అయినా ఎవడూ తప్పేవాడు కాదంటారు. అంటారు అంటున్నాను, ఎందుకంటే తప్పినవాళ్ళ కథలు కూడా నేను విన్నాను. ఏసీలోనూ పద్ధతి కొంత అలాంటిదే. రైతు సరుకు పెట్టినప్పుడు బాండు అనే రసీదు రాసిస్తారు. సరుకు తీయాలంటే ఆ బాండు తేవాలి. కానీ గుంటూరు మిర్చి యార్డులో ఉదయం ధర బాగుంటే రైతు బస్సెక్కి వచ్చేదాకా ధర ఆగదు. అందుకని పాత రైతులు ఫోను చేసి, నా టిక్కీలు యార్డుకు పంపించమ్మా అంటారు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోతం. నజీరా వాళ్ళ గొంతు పోల్చుకుని, చీటీ రాసి లోపలికి పంపేది. బాండు సాయంత్రమో మర్నాడో వచ్చేది. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

భావనారాయణగారికి నడుం నొప్పి వచ్చి రాకపోకలు తగ్గించాక అల్లుడు లక్ష్మీకాంత్ మేనేజరుగా వచ్చాడు. మంచి మనిషి, గుమాస్తాలను కూడా గారూ అనే పిలుస్తాడు. వచ్చిన ఏడే ఒక కమీషన్ కొట్టు వాళ్ళు, తాము చెప్పకుండానే సరుకు బయటికి వదిలారని గొడవకొచ్చారు. చెప్పారని వీళ్ళు, లేదని వాళ్ళు. ఆ గొడవ ఎలాగో సర్దుకుంది కానీ లక్ష్మీకాంత్ మనసు సర్దుకోలేదు. ఫోనులో వచ్చిన ప్రతి మాటా రికార్డు కావాలన్నాడు.

గుంటూరు నుంచి అష్రఫ్ అనే మెకానిక్ వచ్చాడు. ఈ చుట్టుపక్కల జిన్నింగు మిల్లులకూ ఏసీలకూ ఇంటర్‌కమ్‌లు బిగించేది అతనే. టీ తాగుతూ పద్ధతులన్నీ వివరించాడు. ఒక్కో ఫోను తీగకూ ఒక్కో చిన్న యంత్రం తగిలించవచ్చు, కానీ అది ఏ బల్ల మీద ఉంటే ఆ బల్ల మాటలే పడతాయి. లేదా బయటి లైన్లు ఆఫీసులోకి వచ్చేచోట, ఎక్స్ఛేంజి పెట్టె దగ్గరే రికార్డు పెట్టె కూర్చోబెట్టవచ్చు. అప్పుడు వచ్చేదీ పోయేదీ అన్నీ అందులో పడతాయి. అదీ కాదంటే నంబరును ఒక కంపెనీకి అప్పగిస్తే, ప్రతి కాలూ ఎక్కడో ఉన్న వాళ్ళ కంప్యూటర్ల గుండా తిరిగొస్తుంది, మాటలు అక్కడే దాస్తారు, నెట్ ఉన్న చోటల్లా వినవచ్చు. సెల్లులో యాప్ వేసి పట్టే పద్ధతి ఒకటుండేది, దాన్ని ఫోను కంపెనీలే చాలావరకు మూసేశాయి. లక్ష్మీకాంత్ రెండోది ఎంచుకున్నాడు. మాటలు తమ గోడల మధ్యే ఉండాలని అతని ఉద్దేశం. చెప్పకుండా రికార్డు చేయడం మర్యాద కాదని, ప్రతి కాలుకూ ముందు ఒక గొంతు వినిపించేట్టు పెట్టించాడు. ఈ సంభాషణ రికార్డు చేయబడుతున్నది అని చెప్పే ఆ ఆడగొంతు ఏ ఊరిదో గానీ చాలా శుభ్రమైన తెలుగు మాట్లాడేది.

వెళ్ళేముందు అష్రఫ్ నజీరాతో అన్నాడు. "అక్కా, ఈ పెట్టె గుండా పోయిన మాటే పెట్టెలో ఉంటుంది. నువ్వు చేతిలో సెల్లు పట్టుకుని మాట్లాడావంటే నాకు సంబంధం లేదు."

నజీరా విన్నది. అర్థమైంది కూడా.

కానీ మర్నాటి నుంచి రైతులు ఫోను పెట్టేయడం మొదలుపెట్టారు. ఆ ఏడు ఊరూరా మైకులు తిరిగాయి. తెలియని గొంతు రికార్డు, బ్యాంకు అంటూ మొదలుపెడితే వెంటనే పెట్టేయండి, లేదంటే మీ డబ్బు పోతుందని. మన వాళ్ళు ఆ మాట చక్కగా ఒంటబట్టించుకున్నారు. ఏసీకి ఫోను చేస్తే శుభ్రమైన ఆడగొంతు, రికార్డు మాట. టక్కున కట్. నజీరా తిరిగి చేస్తే వాళ్ళకు మళ్ళీ అదే గొంతు. మళ్ళీ కట్. యార్డులో ధర నడుస్తుంటే ఇక్కడ ఫోను మోగి మోగి చచ్చిపోయేది. వాళ్ళే ఒక దారి కనిపెట్టారు. నజీరా సెల్లుకు మిస్డ్ కాల్ ఇవ్వడం. మిస్డ్ కాల్ ఇస్తే అవతలి వాళ్ళు చేయాలన్నది ఈ దేశంలో పిల్లాడికి కూడా తెలిసిన మర్యాద. ఆమె ఆ మర్యాద పాటించింది. ఈ ఒక్కరికే కదా అని మొదట, ఈ పూటకే కదా అని తరవాత. మేనేజరుకు చెప్పాలనుకుంటూనే చెప్పలేదు. కొత్త యంత్రం మీద ఆయనకున్న మురిపెం చూసి నోరు రాలేదట.

అలా వచ్చిన మిస్డ్ కాల్స్‌లో బుల్లయ్యది ఒకటి.

బుల్లయ్య పక్క ఊరి రైతు. నిరుటి తేజ రకం కాయలు ఏసీలోనే ఉన్నాయి. కొత్త కాయ కల్లాల్లోకి వచ్చేసింది, పాతది ఇంకా దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, నజీరా సెల్లు నుంచి తిరిగి చేస్తే పంపించెయ్యమన్నాడు. నజీరా చీటీ రాసింది. సరుకు యార్డుకు పోయింది, అమ్ముడైంది, లారీ ఎక్కింది. పది రోజులు తిరక్కుండా పాత కాయకు ధర లేచింది. బుల్లయ్య కొడుకు కోటేష్ ఏసీకి వచ్చి, మా నాన్న అమ్మమనలేదు, మీరెట్లా వదిలారు అని నిలదీశాడు. బుల్లయ్య తెచ్చివ్వని బాండు ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. లక్ష్మీకాంత్ ధైర్యంగానే పెట్టె తెరిపించాడు. అందులో బుల్లయ్య కాల్ ఉంది. ఆ గొంతు మొదలవడం, కట్ కావడం. అంతే.

నేను ఆ రోజుల్లో ప్రత్తిపాడులో మా మేనకోడలి ఇంట్లో మకాం వేసి ఉన్నాను. వాళ్ళ సరుకు కబురు కనుక్కోవడానికని ఏసీకి పోతే నజీరా నీళ్ళివ్వడం కూడా మరిచిపోయింది. అంతకు ముందెప్పుడూ అలా జరగలేదు. తన సెల్లు తీసి చూపించింది. బుల్లయ్యకు తాను చేసిన కాల్, తేదీ, ఎంతసేపు మాట్లాడిందీ అన్నీ ఉన్నాయి. మేనేజరు అదీ చూశాడట. మాట్లాడారని తెలుస్తోంది, ఏం మాట్లాడారో తెలియడం లేదు కదండీ అన్నాడట. మర్నాడు మధ్యాహ్నం భావనారాయణగారు వస్తున్నారు. ఆయన వచ్చేలోగా రైతు ఒప్పుకోకపోతే ఆమెను ఆ కుర్చీలో ఉంచడం కుదరదని, కొంచెం నీళ్ళు నమిలి, చెప్పేశాడు.

కుర్చీ పోతే ఇల్లు గడవదని కాదు. ఖాజావలి పని బాగానే ఉంది. చెప్పని మాట మీద సరుకు వదిలిన మనిషి అని పేరు పడితే ఈ రోడ్డు మీద ఏ ఏసీ, ఏ మిల్లు మళ్ళీ ఆమెను ఫోను దగ్గరికి రానివ్వదు. ఆమెకు వచ్చిన పని అదొక్కటే. అంతకంటే ఆమెను తినేస్తున్నది ఇంకొకటుంది. రాత్రి నుంచీ ఆ కాల్‌ను తలుచుకుంటోందట. మొదట స్పష్టంగా గుర్తుంది. పంపించెయ్యమ్మాయ్ అన్నాడు. తలుచుకున్న కొద్దీ పంపిద్దామా అన్నాడేమోననిపించింది. ఇంకా తలుచుకుంటే ఆ గొంతే బుల్లయ్యది కాదేమోననిపించింది. "ఇంకో పూట ఇట్లా ఉంటే నేనే చెప్పలేదని ఒప్పుకుంటాను పెదనాన్నా," అన్నది నాతో.

భయం జ్ఞాపకాన్ని ఎంత తొందరగా కొరికేస్తుందో నాకు కొంత తెలుసు. వాడరేవులో ఒక జాలరి తుపాను నుంచి బయటపడిన సంగతి నాకు మూడు సార్లు చెప్పాడు. మూడు సార్లూ పడవలో మనుషుల సంఖ్య మారింది. అబద్ధమాడే మనిషి కాదు. అలల మధ్య లెక్క ఎవడికి నిలుస్తుంది? ఆ సంగతి నజీరాకు చెప్పబోయి మానుకున్నాను. ఆ పూట ఆమెకు కావలసింది జాలరి కాదు, బుల్లయ్య.

మర్నాడు పొద్దున్నే ఆమె సెలవు పెట్టి బుల్లయ్య కల్లానికి బయలుదేరింది. ఒంటరిగా పోనివ్వడం ఇష్టం లేక నేనూ ఆటో ఎక్కాను. దారి పొడుగునా రెండు వైపులా ఆరబోసిన మిరపకాయలే. ఆమె చూపు మాత్రం చేతిలో సెల్లు మీదే ఉంది.

కల్లంలో పట్టాల మీద ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. బుల్లయ్య వేపచెట్టు మొదట్లో గోనె మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. నజీరాను చూడగానే లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. అవతల గోతాలు లెక్కపెడుతున్న కోటేష్ ఒకసారి తలెత్తి చూశాడు.

నజీరా నిలబడే అడిగింది. "బాబాయ్, ఆ రోజు నేను నీకు ఫోను చేస్తే నువ్వు పంపమన్నావా, లేదా? లేదంటే లేదని నా మొహాన చెప్పు. పోతాను."

బుల్లయ్య గోనె పీచు లాగుతూ, ఆ రోజు తనకు జ్వరంగా ఉందని, ఏమన్నాడో గుర్తు లేదని, వాడు చెప్పిందే నిజమై ఉంటుందని కొడుకు వైపు చెయ్యి చూపించాడు. నాతో వానల గురించి మాట కలపబోయాడు. ఆయన అబద్ధాలకు అలవాటుపడ్డ మనిషిలా లేడు. ధర లేచిన రోజు కొడుకు ఇంట్లో గిన్నెలు ఎగిరిపడేట్టు అరిచి ఉంటాడు. నేను చెప్పలేదురా అన్న మాట ఆ క్షణాన నోట్లోంచి జారి ఉంటుంది. జారిన మాటను పట్టుకుని కొడుకు ఏసీదాకా పోయాడు. ఇప్పుడు ముసలాయన దాని వెనక నడవక తప్పడం లేదు.

నజీరా కాయలేరుతున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. వాళ్ళలో పెద్దావిడ పేరమ్మను అడిగింది, ఆ రోజు నువ్విక్కడే ఉన్నావా అని. పేరమ్మ తల ఎత్తలేదు. మాకేం తెలుసమ్మా, మా పని మాది అన్నది. పక్కనే కోటేష్ ఉన్నాడు. సాయంత్రం కూలి ఇచ్చేది అతనే.

అప్పుడే బుల్లయ్య ఫోను మోగింది.

మిర్చి కల్లంలో ఫోను ఎవరూ చెవికి ఆనించుకోరు. కాయలు పట్టిన చెయ్యి చెంపకు తగిలితే రోజంతా మంట. పట్టా మీద పెట్టి, మోచేత్తోనో చిటికెన వేలి కొసతోనో నొక్కి, స్పీకరులో అరిచి మాట్లాడతారు. బుల్లయ్యా అలాగే నొక్కాడు. శుభ్రమైన ఆడగొంతు కల్లమంతా వినిపించింది. ఈ సంభాషణ రికార్డు... ఆయన కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు.

నజీరాకు అర్థమైంది. మేనేజరు ఆఫీసు లైను నుంచి చేస్తున్నాడు, మామగారు రాకముందు రైతు మాటను పెట్టెలో పట్టడానికి. ఇప్పుడు బుల్లయ్య లేదంటే ఆ లేదు అక్కడ ఉండిపోతుంది. ఎన్నేళ్ళకు విన్నా లేదనే అంటుంది. ఆయన భయపడి ఎత్తకపోతే ఆమెకు మధ్యాహ్నందాకా గడువు మిగులుతుంది.  మూడోసారి మోగింది.

"పెట్టెయ్యకు బాబాయ్," అన్నది. "అది దొంగ ఫోను కాదు. మా ఆఫీసే. ఆ పిల్ల చెప్పేది అయిందాకా ఆగు."

బుల్లయ్య ఆగాడు. ఆడగొంతు తన మాట పూర్తిచేసింది. తరవాత లక్ష్మీకాంత్ గొంతు, మర్యాదగా, కొంచెం తొందరగా. "బుల్లయ్యగారూ, ఒక్క మాట చెప్పండి చాలు. సరుకు పంపమని మీరు మా నజీరాగారికి చెప్పారా?"

కల్లంలో కాయల గలగల ఆగిపోయింది. పేరమ్మ చెయ్యి ఎక్కడిదక్కడే ఉంది. ఆ ఆడవాళ్ళంతా ఇప్పుడు తలెత్తి ముసలాయన వైపు చూస్తున్నారు.  అప్పుడు తట్టింది నాకు. ఆ రోజు కూడా ఫోను ఈ పట్టా మీదే ఉండి ఉంటుంది, స్పీకరులోనే అరిచి ఉంటుంది. నజీరా అడిగిందీ, ఈయన అన్నదీ వీళ్ళందరి చెవుల్లోనూ పడి ఉంటుంది. బుల్లయ్యకూ ఆ సంగతి తెలుసు. కొడుకు ముందు మరిచిపోయానని చెప్పుకోవచ్చు. విన్నవాళ్ళ ముందు కూర్చుని లేదనడం వేరు.

కోటేష్ గోతాలు వదిలి దగ్గరికొచ్చాడు.

"ఏం మావా," అన్నది పేరమ్మ మెల్లగా, ముక్కు మీది గుడ్డ తీయకుండానే. "ఆయనెవరో అడుగుతున్నాడుగా."

బుల్లయ్య ఫోను మీదికి వంగాడు. కొడుకు వైపు చూడలేదు.

"చెప్పానండీ," అన్నాడు. "పంపించెయ్యమ్మాయ్, ఎన్నాళ్ళని చలిలో పెడతాం అన్నాను. నేనే అన్నాను."

లక్ష్మీకాంత్ మళ్ళీ అడిగాడు, పేరు, ఊరు చెప్పి అదే మాట ఇంకోసారి చెప్పమని. నియమం అది. ముసలాయన బడిలో పాఠం అప్పజెప్పినట్టు తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి మాట తిరిగి చెప్పాడు. ఫోను ఆగిపోయింది. కోటేష్ నజీరాతో, "ఇక ఈ ఏడు మీ ఏసీలో మేం ఒక్క టిక్కీ కూడా పెట్టం," అని చెప్పి గోతాల దగ్గరికి పోయాడు. ఆడవాళ్ళు మళ్ళీ కాయల మీదికి వంగారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నజీరా మొహం తేలిక పడుతుందనుకున్నాను. పడలేదు. ఒక రైతు పోయాడు కదా పెదనాన్నా అన్నది. కాసేపటికి, వాడు ఇంటికెళ్ళి ఆయన్ను ఏమంటాడో అన్నది. ఇంకాసేపటికి, గుర్తు తప్పలేదు, నేను విన్నది విన్నట్టే ఉంది అన్నది తనలో తాను. చేతిలో సెల్లు వణికింది. ఎవరిదో మిస్డ్ కాల్. ఆమె దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. ఏసీ గేటు వచ్చేలోగా ఇంకో రెండు వచ్చాయి.

ఆఫీసులో భావనారాయణగారు నడుముకు దిండు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రికార్డు అప్పటికే విన్నట్టున్నాడు. ఆమెను చూసి, కూర్చోమ్మా అని ఆ కుర్చీ వైపే చూపించాడు. లక్ష్మీకాంత్ మాత్రం సొరుగు లాగి, "మీ సెల్లు ఇందులో ఉంచండి నజీరాగారూ. ఇక మాట ఏదైనా ఈ లైనులోనే," అన్నాడు.

వాళ్ళు ఆ లైనులో మాట్లాడరు సార్, ఆ గొంతుకు భయపడి పెట్టేస్తున్నారు అని ఆమె అప్పుడు చెప్పింది. మొదటి రోజే చెప్పవలసిన మాట. అతను, గొంతు తీసెయ్యడం కుదరదండీ, చెప్పకుండా ఎలా పడతాం అన్నాడు. అదీ నిజమే.

ఆమె సెల్లులోంచి మిస్డ్ కాల్ నంబర్లు ఒక కాగితం ముక్క మీద ఎక్కించుకుని, సెల్లును సొరుగులో పెట్టేసింది. ఆఫీసు ఫోను ఎత్తి మొదటి నంబరు నొక్కింది. అవతల ఎత్తారు, కట్ చేశారు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కట్. యార్డులో ధర నడిచే వేళ అది. రిసీవరు చెవి నుంచి తీయకుండా, వేళ్ళతో బల్ల అంచు గట్టిగా పట్టుకుని, ఇంకోసారి నొక్కింది. ఈసారి కట్ కాలేదు. అవతల ఎవరో ఊపిరి బిగబట్టి, ఆ ఆడగొంతు అయిపోయేదాకా వింటున్నారు.

"ఎవరూ?" అన్నదొక ముసలి గొంతు చివరికి, అనుమానంగా.

"నేనే మామయ్యా, నజీరాని," అన్నది. "పెట్టెయ్యమాక. పేరు, ఊరు చెప్పి మాట్లాడు."